దెబ్బకు వెల

1860వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన పుట్టి, 1862 జనవరి 1వ తేదీన అమలునకు వచ్చి, 162 ఏండ్లకు పైగా ఈ దేశప్రజల నేరములను తూచిన భారత శిక్షాస్మృతి 2024 జూన్ 30వ తేదీతో అస్తమించినది. మరునాటినుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత నెలకొన్నది. 511 సెక్షనుల పాత గ్రంథము పోయి 358 సెక్షనుల కొత్త గ్రంథము వచ్చినది. పరపాలకులు తమ యధికారము నిలుపుకొనుటకై వ్రాసికొన్న చట్టమును తొలగించి, స్వతంత్రజాతికి తగిన న్యాయమును స్థాపించుచున్నామని ప్రభుత్వమువారు అప్పుడు చెప్పిరి. ఆ మాట యెంతవరకు సార్థకమైనదో పరీక్షించుటకు పలువురు రాజద్రోహమువంటి పెద్ద నేరములను ఎన్నుకొనిరి. మేము ఒక చిన్న నేరమును ఎన్నుకొందుము. ఒక మనుష్యుడు మఱియొక మనుష్యుని కొట్టినయెడల క్రొత్త చట్టమేమి చేయును?

ఇది చిన్న ప్రశ్న యని త్రోసివేయరాదు. రాజద్రోహముతోడను, సంఘటిత నేరములతోడను సామాన్య గృహస్థునకు జీవితమున ప్రసక్తి కలుగదు. గట్టు తగాదా, కాలువలో నీటివంతు, కూలి బాకీ, వడ్డీ లెక్క, వీధిలో బండి తగిలిన గొడవ - వీనియందే ఆతడు చట్టమును ముఖాముఖి చూచును. దేశమున న్యాయమున్నదా లేదా యని పేదవాడు నిర్ణయించుకొనునది సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులు చదివి కాదు. తన చెంపపై పడిన దెబ్బకు ఠాణాలో లభించిన జవాబును బట్టియే.

ఆంగ్లేయుల న్యాయమున చేయి యెత్తి బెదరించుటకు ‘అసాల్టు’ అనియు, ఆ చేయి తగులుటకు ‘బ్యాటరీ’ అనియు పేళ్లు గలవు. మెకాలే 1837లో సిద్ధపరచిన చిత్తునుండి రూపొందిన మన శిక్షాస్మృతి ఆ రెండవ పేరును విడిచి, శరీరమునకు నొప్పిని గాని రోగమును గాని దౌర్బల్యమును గాని కలిగించుట ‘హాని’ యని నిర్వచించినది. హానిని మరల సామాన్యమనియు, తీవ్రమనియు విభజించినది. ఎముక విరుగుట, పన్ను ఊడుట, కన్ను చెవి పోవుట మొదలగునవి తీవ్రములు. ఈ కట్టడమును క్రొత్త సంహిత కదల్పలేదు. గోడలు పాతవే, సున్నము కొన్ని చోట్ల క్రొత్తది.

మార్పులేవియో చూతము. సామాన్యమైన దెబ్బకు పాత 323వ సెక్షను ఏడాది ఖైదు గాని, 1,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించెను. క్రొత్త 115వ సెక్షను ఖైదును అట్లే యుంచి జరిమానాను 10,000 రూపాయలకు పెంచినది. బాధితుడు 20 దినములు తీవ్రమైన నొప్పితో బాధపడినగాని, తన నిత్యకృత్యములకు అశక్తుడైనగాని పూర్వము అది తీవ్రమైన హాని యగుచుండెను. ఇప్పుడు 15 దినములు చాలును. తీవ్రమైన హానివలన శాశ్వతమైన అంగవైకల్యము గాని, తెలివిరాని జీవచ్ఛవస్థితి గాని కలిగినచో 10 ఏండ్లకు తక్కువగాని కఠినశిక్ష, ఆజన్మాంతమువరకు కూడ, విధింపవచ్చును. మారణాయుధముతో తీవ్రముగా గాయపరచినవానికి యావజ్జీవము విధింపనియెడల కనీసము ఏడాది ఖైదు తప్పదు. పాత చట్టమున ఈ కనిష్ఠము లేకుండెను. కొట్టి మంచమున పడవేసినవాడు చిల్లర శిక్షతో బయటపడు దారిని ఇవి కొంత మూసినవి. వీనిని మేము మనస్ఫూర్తిగా అభినందించుచున్నాము.

అయితే పెంచినట్లు కనబడి తగ్గించిన చోటును గూడ పాఠకులు గమనింపవలెను. కత్తి, కఱ్ఱ, నిప్పు మొదలగువానితో సామాన్యహాని కలిగించినవానికి పాత 324వ సెక్షను మూడేండ్లవరకు ఖైదును, జరిమానాను చెప్పినది. ఆ జరిమానాకు పరిమితి యుంచలేదు. నేరస్థుని శక్తిని చూచి న్యాయాధిపతి నిర్ణయించుటకు వీలుండెను. క్రొత్త 118వ సెక్షను అట్టి జరిమానా 20,000 రూపాయలకు మించరాదని గిరి గీచినది. అనగా కోటీశ్వరుడు కత్తితో గీచినను, కూలివాడు గీచినను, జరిమానా మాటకు వచ్చునప్పటికి న్యాయాధిపతి చేయి 20,000 కడ ఆగిపోవలెను. ఇందలి యుక్తి మాకు బోధపడలేదు.

ఇంతకంటె ముఖ్యమైన విషయము వేఱొకటి గలదు. సామాన్యమైన దెబ్బ నాడును నేడును పోలీసువారు తమంతట తాము దర్యాప్తు చేయదగిన నేరము కాదు. దెబ్బలు తిన్నవాడు ఠాణాకు పోయినచో అక్కడి యధికారి ఫిర్యాదును వ్రాసికొని, మేజిస్ట్రేటు కడకు పొమ్మని చెప్పును. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేక దర్యాప్తునకు అడుగు పడదు. కలిగినవాడు వకీలును పెట్టుకొని పోగలడు. నాటి కూలి నాటి కూటికి చాలనివాడు కోర్టుండు పట్టణమునకు బస్సుకర్చులు పెట్టుకొని, పనిదినములు పోగొట్టుకొని, సాక్షులను వెంటబెట్టుకొని యెన్ని వాయిదాలు తిరుగగలడు? ఆతనికి చట్టమున్నదన్నమాటయే గాని, అది ఆతని వీధికి రాదు.

చిన్న దెబ్బకు న్యాయము దొరకనిచోట పెద్ద దెబ్బ పుట్టును. ఆంధ్రదేశమునకు ఇది అనుభవమున తెలిసిన సత్యము. 1985 జూలై 16వ తేదీన నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో త్రాగునీటి చెరువు కడ నీరు పాడు చేయుచున్నారని ఒక దళిత స్త్రీ ఆక్షేపించుటతో వివాదము పుట్టెను. మరునాటి యుదయమున మాదిగపల్లెపై దాడి జరిగి ఆరుగురు దళితులు హతులైరి. ఆ కేసులో సర్వోన్నత న్యాయస్థానపు తుదితీర్పు 2008లో, అనగా 23 ఏండ్లకు, వెలువడినది. చెరువుగట్టున మొదటి చేయి లేచినప్పుడే అది నేరమని చెప్పగల యధికారము ఆ గ్రామమున కానరాలేదు. కారంచేడు వంటి ఘోరముల పిమ్మటనే 1989లో అత్యాచారముల నిరోధక చట్టము వచ్చినది. 2016 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన సవరణతో సామాన్యమైన దెబ్బ కూడ ఆ చట్టపు పట్టికలో చేరినది. దెబ్బ చిన్నదైనను, అది యెవరిపై నేల పడినదను ప్రశ్నను న్యాయము అడుగవలెనని శాసనకర్తలు అప్పుడు గ్రహించిరి.

అట్లయిన ప్రతి చెంపదెబ్బను పోలీసుల చేతిలో పెట్టుదమా యని కొందరు అడుగుదురు. ఈ శంక నిరాధారము కాదు. పల్లెలలో ఒక కేసుకు ఎదురు కేసు పెట్టించుట విద్యగా మారినది. సబ్ ఇన్‌స్పెక్టరును మంచి చేసికొన్నవాడు తాను కొట్టి, కొట్టించుకొన్నవానిపైననే ఫిర్యాదు వ్రాయింపగలడు. దర్యాప్తు యధికారమును విచ్చలవిడిగా పెంచినచో బలవంతునికే మఱియొక ఆయుధమిచ్చినట్లగును. కనుక మేమట్లు కోరుట లేదు. కాని క్రొత్త నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షనున ఒక మంచి నిబంధన గలదు. ఇట్టి ఫిర్యాదుల దినచర్యను ఠాణా యధికారి పక్షమునకొకసారి మేజిస్ట్రేటునకు పంపవలెను. ఈ నిబంధన అక్షరాల అమలు జరిగినచో, ఏ యూరిలో ఎవరు ఎన్నిమారులు దెబ్బలు తినుచున్నారో న్యాయస్థానమునకు తెలియగలదు. ఒకే వ్యక్తి పేరు మూడు పక్షములలో మూడుమారులు కనబడినచో మేజిస్ట్రేటు దర్యాప్తునకు ఉత్తర్వు చేయవచ్చును. ఈ కాగితము కట్టలలో పడి మూల్గకుండ చూచుట ఉన్నత న్యాయస్థానముల పని.

ఆయుధముతో కొట్టిన కేసులకు సంబంధించిన మఱియొక చిక్కు గలదు. ఖైదు చేయదగిన నేరము విన్నవెంటనే ప్రథమ సమాచార నివేదిక వ్రాయవలసినదేయని సర్వోన్నత న్యాయస్థానము లలితకుమారి కేసులో 2013 నవంబరు 12వ తేదీన స్థిరపరచినది. క్రొత్త సురక్షా సంహిత 173వ సెక్షను, మూడేండ్లు మొదలుకొని ఏడేండ్లకు లోబడిన శిక్షగల నేరములలో, డిప్యూటీ సూపరింటెండెంటు అనుమతితో 14 దినములవరకు ప్రాథమిక విచారణ జరుపుటకు అవకాశమిచ్చినది. కత్తిదెబ్బ సరిగా ఈ తరగతిలోనిదే. ఒకవైపు సంహిత 15 దినముల నొప్పిని తీవ్రమైన హాని యనుచున్నది. వేఱొకవైపు కేసు వ్రాయుటకే 14 దినముల గడువు ఇచ్చుచున్నది. ఆ పక్షములో గాయము మానును, నెత్తురంటిన చొక్కా ఉతుకబడును, చూచినవాడు చూడలేదనును. దెబ్బ తిన్నవాడు ఆ దినముననే ప్రభుత్వ వైద్యశాలకు పోయి గాయముల ధ్రువపత్రము పొందుట ఇప్పుడు మునుపటికంటె ఆవశ్యకమైనదని మేము హెచ్చరించుచున్నాము.

ఇక ప్రభుత్వసేవకుల దేహమునకును, పౌరుల దేహమునకును చట్టము చూపు భేదమును పరిశీలింతము. ఉద్యోగిని విధినిర్వహణమునుండి అడ్డగించుటకై కొట్టినవానికి పాత 332వ సెక్షను మూడేండ్లు చెప్పగా, క్రొత్త 121వ సెక్షను ఐదేండ్లు చెప్పినది. తీవ్రముగా గాయపరచినచో కనీసము ఏడాది తప్పదు. ఉద్యోగికి రక్షణ అవసరమే; వరదలో పనిచేయు తహసీలుదారును, రాత్రి పహరా తిరుగు కానిస్టేబులును కొట్టువారిని మేము సమర్థింపము. వైద్యుల రక్షణకై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2008లోనే మూడేండ్ల ఖైదును, 50,000 రూపాయల జరిమానాను విధించు ప్రత్యేక చట్టమును చేసినది. 2020లో అంటువ్యాధుల చట్టమును సవరించి వైద్యసిబ్బందిని కొట్టినవారికి ఐదేండ్లవరకు, తీవ్రముగా గాయపరచినవారికి ఏడేండ్లవరకు కేంద్రము శిక్ష నిర్ణయించినది. ఇవి యుక్తములే.

కాని ఉద్యోగియే కొట్టినప్పుడేమి? నేరమును ఒప్పించుటకై కొట్టిన పోలీసు యధికారికి 1860లో ఏడేండ్లు. నేటి 120వ సెక్షనులోను ఏడేండ్లే. పౌరుడు ఉద్యోగిని కొట్టిన నేరమునకు శిక్ష పెరిగినది. ఉద్యోగి పౌరుని కొట్టిన నేరమునకు వీసమెత్తు పెరుగలేదు. పరపాలన వాసనను కడిగివేసితిమనువారు ఈ చోటను చూడవలసియుండెను.

ఈ సెక్షను చరిత్రము తెలుగువారికి దూరమైనది కాదు. శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారను ఆరోపణలపై మద్రాసు రాజధానిలో ఒక విచారణ సంఘము నియమింపబడి 1855లో నివేదిక సమర్పించినది. మన జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే. వ్రేళ్లను కొయ్యలనడుమ నొక్కుట, మనిషిని వంచి త్రాటితో కట్టి యెండలో నిలుపుట వంటి పద్ధతులు ఆ నివేదికకెక్కినవి. ఐదేండ్లకు వెలువడిన శిక్షాస్మృతి 330వ సెక్షను క్రింద, బకాయికై రైతును హింసించు రెవిన్యూ యుద్యోగి, కౌలుకై రైతును హింసించు జమీందారు ఉదాహరణములుగా నిలిచిరి. పరాయి ప్రభుత్వము సయితము తన యుద్యోగి చేసిన హింసను పేరుపెట్టి చెప్పక తప్పలేదు. నేడు మనకు మన పార్లమెంటున్నది. చిత్రహింసా నిషేధ ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసినది. దానిని ఇంతవరకు ధ్రువీకరింపలేదు. లోకసభ 2010లో ఆమోదించిన చిత్రహింసా నిరోధక బిల్లు చట్టము కాకయే ముగిసినది. లా కమిషను 2017లో 273వ నివేదికయందు మరల అట్టి చట్టమును సిఫారసు చేసినది. 2023లో శిక్షాస్మృతినంతటిని తిరుగవ్రాయు సదవకాశము వచ్చినప్పుడు కూడ ఆ సిఫారసునకు చోటు దొరకలేదు.

పైగా, పోలీసు కస్టడీ పూర్వము తొలి 15 దినములలోనే ముగియవలసియుండగా, క్రొత్త 187వ సెక్షను ఆ 15 దినములనే నేరమును బట్టి తొలి 40 లేక 60 దినములలో విడతలుగా తీసికొనుటకు వీలు కల్పించినది. ఖైదీ తిరిగి ఠాణాకు పోవలసివచ్చునేమోయను భయము దినములతరబడి నిలుచును. న్యాయము తప్పక చెప్పవలెను గనుక ఒక మంచిని కూడ చెప్పెదము: ఉద్యోగిపై కేసు నడుపుటకు ప్రభుత్వపు అనుమతి విషయమున 120 దినములలో నిర్ణయము జరుగవలెను, జరుగనిచో అనుమతి లభించినట్లే. ఏండ్లతరబడి కాగితమును తొక్కిపెట్టు దురాచారమునకు ఇది విరుగుడు.

గుంపుగూడి కొట్టు నేరమును గూర్చియు ఒక మాట. 2018లో తెహసీన్ పూనావాలా కేసులో సర్వోన్నత న్యాయస్థానము మూకహత్యలకు ప్రత్యేక శాసనము చేయుడని పార్లమెంటునకు సూచించినది. దాని ఫలముగా ఐదుగురు లేక అంతకు పైబడినవారు జాతి, కులము, సముదాయము, స్త్రీపురుషభేదము, జన్మస్థలము, భాష, వ్యక్తిగత విశ్వాసము వంటి కారణములచే ఒకనిని చంపినచో మరణశిక్ష లేక యావజ్జీవము అని 103వ సెక్షను చెప్పుచున్నది. ఇది ముందడుగే. కాని ఆ గుంపే చంపక, కాలుసేతులు విరుగగొట్టి విడిచినచో 117వ సెక్షను విధించునది ఏడేండ్లవరకు ఖైదు. ఒంటరిగా కోపమున తీవ్రహాని చేసినవానికిని అదియే సెక్షను విధించునదియు ఏడేండ్లే. కులమును చూచి ఐదుగురు ఏకమై కొట్టుటయు, ఒక్కడు తగవులో కొట్టుటయు సమానమని తూచినచో ప్రత్యేక నిబంధన చేసినందువలన గుంపులోని ప్రతివాడును దోషియని చెప్పుకొనుట తప్ప బరువు పెరుగలేదు. త్రాసు క్రొత్తది, తూకపురాయి పాతది.

ఇన్ని లోపములు నిలిచిపోవుటకు కారణము ఊహింప కష్టము కాదు. 2023 ఆగస్టు 11న తొలుత ప్రవేశపెట్టిన బిల్లులను ఉపసంహరించి, డిసెంబరు 12న సవరించిన బిల్లులను తెచ్చిరి. 20న లోకసభ, 21న రాజ్యసభ ఆమోదించెను. 25న రాష్ట్రపతి సమ్మతి లభించెను. ఆ సమావేశములలో ఉభయసభలనుండి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండు చేయబడియుండిరి. నూటయరువదియేండ్ల చట్టమును మార్చుటకు పదిదినములు చాలినవి. ప్రశ్నించువాడు సభలో లేనప్పుడు ఇట్టి పొరపాటులు చూపించువాడెవడు?

జరిమానా విషయము తిరిగి చెప్పక తప్పదు. 1860లో వేయి రూపాయలు ఒక కుటుంబపు ఆస్తి. దానికి భయపడి చేయి వెనుకకు తీసికొనువారుండిరి. నేటి 10,000 రూపాయలు కలిగినవానికి ఒక విందు కర్చు. ఖైదు విధింపక జరిమానాతో విడిచిపెట్టు నధికారము న్యాయాధిపతికున్నది గనుక, ధనికునకు ఆ జరిమానా శిక్ష కాదు, వెల. పదివేలు కట్టినవాడు కొట్టవచ్చునను భావము ఊరిలో వ్యాపించినచో చట్టము న్యాయమును స్థాపించినట్లు గాదు, దెబ్బలకు దుకాణము తెరచినట్లగును.

దీనికి విరుగుడు సంహితలోనే యున్నది. సమాజసేవ యను నూతనశిక్షను 4వ సెక్షను ప్రవేశపెట్టినది. కాని దానిని ఆరు నేరములకే పరిమితము చేసిరి: 5,000 రూపాయలకు తక్కువ సొత్తు దొంగతనము, బహిరంగస్థలమున త్రాగి అల్లరి చేయుట, పరువునష్టము మొదలగునవి. చెంపదెబ్బ అందులో లేదు. నలుగురిలో పాలేరును కొట్టిన కామందునకు పదివేల జరిమానాకంటె, నెలదినములు ప్రభుత్వ వైద్యశాల వసారాను తుడువుమని శాసించుట యెక్కువ బుద్ధి చెప్పదా? పోయిన పరువునకు పరువే పరిహారము. కోపమున ఒకమారు చేయి చేసికొన్న బీదవానికి గూడ ఇది జైలుకంటె మేలు. ఆతని భార్యాబిడ్డలు పస్తుండరు.

క్రిమినల్ చట్టములు రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలోనివి. రాష్ట్రపతి సమ్మతితో రాష్ట్ర శాసనసభలు తమ ప్రాంతమునకు వీనిని సవరించుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు మూడు పనులు చేయవచ్చునని మేము సూచించుచున్నాము. సామాన్యమైన దెబ్బకు సమాజసేవను శిక్షగా చేర్చుట మొదటిది. ఆయుధముతో కొట్టిన నేరమున 20,000 రూపాయల గిరిని తొలగించుట రెండవది. ఠాణాలో కొట్టిన యధికారికి, ఉద్యోగిని కొట్టిన పౌరునకు పెరిగిన పాళ్లలోనే, శిక్ష పెంచుట మూడవది. సవరణ జరుగులోపల న్యాయాధిపతులు వసూలైన జరిమానాను బాధితునకు నష్టపరిహారముగా నిప్పింపవచ్చును. 395వ సెక్షను ఆ యధికారమును వారికి నేడే యిచ్చుచున్నది. దానిని వాడుటకు ఏ శాసనసభ అనుమతియు నక్కఱలేదు.

మా పాఠకులలో భూములు గలవారు, వర్తకులు, ఇంట నలుగురు పనివారిని పెట్టుకొన్నవారు పెక్కురు గలరు. పనివానిపై చేయి చేసికొనుట మన తాతలనాడు అధికారపు హక్కుగా చెల్లినది. ఇంటిలోని ఆడువారిపై చేయి లేచుట నేటికిని సంసారపు మాటగా చెల్లుచున్నది. ఇవి రెండును నేరములని చట్టము చెప్పుచున్నది, ఎంత మెల్లగా చెప్పినను చెప్పుచున్నది. పార్లమెంటు శిక్షను పెంచవచ్చును, శాసనసభ సెక్షనును సవరింపవచ్చును. లేచిన చేతిని ఆపగలవాడు మాత్రము దాని యజమానుడే. ఊరిపెద్దలు దెబ్బలు తిన్నవానిని రాజీకి లాగుటకు ముందు, ఆతడు కోర్టుకు పోదలచినచో బండి కట్టించి పంపుదురుగాక. రాజీ యనునది ఇరువురు నిలుచుండి చేసికొనునది. ఒకడు క్రిందబడియుండగా జరుగునది రాజీ కాదు, రెండవ దెబ్బ.